మాత్రలు లెక్కపెట్టడం ఎప్పుడు ఆపాలి?

గుంటూరు జిల్లా నుంచి ఒక భర్త పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఆయనకు 35, ఆమెకు 30. ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది. పెళ్లయి మూడేళ్లు. ఆమెకు ఇది రెండో పెళ్లి. 21వ ఏట మొదటి పెళ్లి జరిగితే, రెండేళ్లకే ఆ భర్త పోయాడు. లివర్ చెడిపోయిందని అటువాళ్లు చెప్పారు. ఇటువాళ్లు మరోమాట అడగలేదు.

వీళ్ల పెళ్లయిన ఏడాదికి ఆమెకు దగ్గు, సాయంత్రం జ్వరం పట్టుకున్నాయి. మనిషి తొమ్మిది కేజీలు తగ్గిపోయింది. టీబీ అన్నారు. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేసినట్టే ఆమెకూ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తే పాజిటివ్. ఒంట్లో రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల లెక్క 140, బాగా తక్కువ. ఆయనకు నెగెటివ్. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, అంటే ఏఆర్‌టీ, మొదలై ఇప్పటికి 22 నెలలు. ఆరో నెలలో, పన్నెండో నెలలో రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేస్తే రెండుసార్లూ వైరస్ కనపడలేదు. సీడీ4 410కి పెరిగింది. టీబీ కోర్సు పూర్తయింది. ఒళ్లు చేసింది, మళ్లీ మిషన్ ఎక్కింది. ఇక్కడిదాకా అంతా మంచి వార్తే.

మిగతాది ఆయన మాటల్లోనే: "రాత్రి తొమ్మిదికి అలారం పెట్టుకుంటాను. నా ఎదురుగానే మింగమంటాను. నైట్ డ్యూటీ ఉంటే వీడియో కాల్ చేస్తాను. ఒకసారి వాళ్ల పిన్ని కూతురి పెళ్లిలో 40 నిమిషాలు ఆలస్యమైందని భోజనాల దగ్గర నుంచి లేపి ఇంటికి తీసుకొచ్చాను. ఆమె వేలికి సూది గుచ్చుకుని రక్తం వస్తే నేను టవల్ లాక్కుని డెట్టాల్‌లో ముంచాను. అప్పుడు నా మొహం ఆమె చూసింది. మర్నాడు గ్లౌజుల పెట్టె కొనుక్కొచ్చాను. ఆ పెట్టె చూసి చాలాసేపు ఏడ్చింది. పోయిన వారం ఆమె స్నానానికి వెళ్లినప్పుడు మాత్రలు లెక్కపెట్టాను. ఉండాల్సినదానికంటే 11 ఎక్కువ ఉన్నాయి. అడిగితే, 'పగలంతా టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెడతావు, రాత్రి నన్ను లెక్కపెడతావా' అంది. అప్పటి నుంచి మాటల్లేవు."

ఇంకో మూడు విషయాలు ఉన్నాయి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఆయన ఆమెను ముట్టుకోలేదు. "ముందు నీ ఆరోగ్యం బాగుపడనీ" అంటూ వాయిదా వేస్తున్నారు. అయినా రెండు నెలలకోసారి ఆమెకు చెప్పకుండా వెళ్లి తాను పరీక్ష చేయించుకుంటున్నారు. ఇంట్లో ఆయన తల్లి ఉన్నారు. ఆవిడకు టీబీ అని మాత్రమే తెలుసు. "టీబీకి ఆరు నెలలేగా, ఇంకా ఏం మాత్రలు?" అని ఆవిడ, "పిల్లల సంగతేమిటి?" అనీ ఆవిడే. ఈ నాగులచవితికి పుట్టలో పాలు పోయించి, ఆ తర్వాత సంతానం డాక్టరు దగ్గరికి తీసుకెళతానని కూర్చున్నారు. అమ్మకు నిజం చెప్పేస్తే సగం బరువు దిగుతుందని ఆయన ఆలోచన. చివర్లో ఇలా ముగించారు: "ఆమెతో మందులు సరిగ్గా వేయించడం ఎలా? అమ్మకు చెప్పాలా వద్దా? వైరస్ కనపడలేదన్న ఆ రిపోర్టును నిజంగా నమ్మొచ్చా? నేను ఆమెను వదిలేయలేదు. అయినా ఆమె నన్ను శత్రువులా చూస్తోంది. ఎందుకో అర్థం కావడం లేదు."

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మీద జాలి కలిగింది. రెండోసారి ఆమె మీద. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

ముందు మీరు ఎక్కడ మొదలుపెట్టారో గుర్తు చేసుకోండి. టీబీ మందుల ఆరు నెలల్లో మీరు చేసినది సరిగ్గా చేయాల్సిన పనే. ఆ రోజుల్లో ఇంట్లో ఒకరు దగ్గరుండి మందులు మింగించమని ఆసుపత్రివాళ్లే చెబుతారు. పైగా రిఫాంపిసిన్ అనే టీబీ మందు, ఏఆర్‌టీ మాత్రలో ఉండే డోల్యుటెగ్రావిర్ అనే మందు బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి, ఏఆర్‌టీ మాత్రతో పాటు పన్నెండు గంటల తేడాతో ఇంకో డోల్యుటెగ్రావిర్ మాత్ర ఇస్తారు. నీరసించిన మనిషికి అన్ని మందులూ వేళలూ గుర్తుండవు. మీరు గుర్తుపెట్టుకున్నారు. ఆమె బతికి బట్టకట్టడంలో ఆ అలారం పాత్ర ఉంది, అందులో సందేహం లేదు. అయితే ఆ ఆరు నెలలు ఎప్పుడో అయిపోయాయి. కాపలా మాత్రం ఆగలేదు. అప్పుడు మంచం మీద ఉన్న మనిషికి చేసిన సాయాన్నే, ఇప్పుడు లేచి మిషన్ తొక్కుకుంటున్న మనిషికీ చేస్తున్నారు. ఆమెకు అది సాయంలా కనిపించడం లేదు.

మీ తొమ్మిది గంటల అలారానికి ఒక చరిత్ర ఉంది. 2004లో మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మొదలుపెట్టినప్పుడు మందులు రోజుకు రెండు పూటలా వేసుకోవాల్సి వచ్చేది. అవి కొంచెం తప్పినా వైరస్ మొండికేసే రకం. గంట కొట్టినట్టు వేసుకోవాలని అప్పటి కౌన్సెలర్లు గట్టిగా చెప్పేవారు, చెప్పాల్సిందే. ఆ మాట జనంలో అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మీ ఆవిడ వేసుకుంటున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర అయి ఉంటుంది. ఏఆర్‌టీ సెంటర్లో టీఎల్‌డీ అంటారు. రోజుకు ఒకటి. రోజూ ఒకే వేళకు వేసుకోవడం మంచి అలవాటే, మర్చిపోకుండా ఉండటానికి. అంతేగాని 40 నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు. ఎప్పుడైనా మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు. పెళ్లి భోజనాల దగ్గర నుంచి లేపి తీసుకొచ్చిన రోజున ఆ మాత్రకు జరిగిన నష్టం సున్నా. పంక్తిలో కూర్చున్న చుట్టాలందరి ముందు ఆమెకు జరిగినది మాత్రం ఇంకా ఆమెకు గుర్తుండే ఉంటుంది.

ఇక ఆ 11 మాత్రలు. లెక్కలో మీరు దిట్ట కాబట్టి లెక్కలోనే మాట్లాడుకుందాం. డబ్బాకు 30 మాత్రలు. సెంటర్‌కు రమ్మన్న తేదీకి రెండు మూడు రోజులు ముందే వెళితే, ప్రతిసారీ రెండు మూడు మాత్రలు మిగులుతాయి. 22 నెలల్లో అలా 11 పోగవడం వింతేమీ కాదు. ఆ మిగులు ఒక్కటే చూసి ఆమె మందులు మానేసిందని చెప్పలేం. అలాగని మానలేదనీ చెప్పలేం. నిజంగానే తప్పించి ఉండొచ్చు. మీరు చెప్పినదాన్ని బట్టి చివరి వైరల్ లోడ్ పరీక్ష పది నెలల కిందటిది. ఈ మధ్య ఏం జరిగిందో ఆ రిపోర్టు చెప్పదు. కాబట్టి మీ భయాన్ని నేను కొట్టిపారేయడం లేదు. ఆ భయానికి జవాబు డబ్బాలో లేదు, రక్త పరీక్షలో ఉంది. ఏడాదికోసారి చేసే వైరల్ లోడ్ ఎలాగూ రెండు నెలల్లో రావాలి. మాత్రలు తప్పుతున్నాయని ఆమె తనంతట తాను డాక్టరుకు చెబితే, ఆ మాట విన్నాక ముందే చేయించడమా, కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టడమా అన్నది వాళ్లు చూసుకుంటారు.

ఒకవేళ తప్పించి ఉంటే, ఎందుకు? నా అనుభవంలో మందు మానేవాళ్లు నిర్లక్ష్యంతో మానడం చాలా తక్కువ. డోల్యుటెగ్రావిర్‌తో కొందరికి నిద్ర పట్టదు, కలత కలలు వస్తాయి, బరువు పెరుగుతారు. నిద్ర పట్టనివాళ్లు ఆ మాత్రను పొద్దున్నకు మార్చుకోవచ్చు, డాక్టరును అడిగితే చాలు. మీరు తొమ్మిదికి అలారం పెట్టి కూర్చుంటే, "నాకిది పొద్దున వేసుకుంటే బాగుంటుంది" అని ఆమె ఎప్పుడు చెప్పగలదు? ఇంకో సంగతి. రాత్రి తొమ్మిదికి మీ అమ్మగారు ఎక్కడుంటారు? హాల్లో సీరియల్ ముందా? ఆ డబ్బా ఎక్కడుంటుంది? డబ్బా కదిపితే లోపల మాత్రలు గలగలమంటాయని దూది కుక్కి దాచుకునే ఆడవాళ్లను చూశాను. లేబుల్ చించేసి బియ్యం డబ్బాలో పెట్టుకునేవాళ్లను చూశాను. ఇంట్లో మూడో మనిషికి తెలియకూడని మాత్ర ఒక్కో రాత్రి గొంతు దిగదు. అది రోగం మీద నిర్లక్ష్యం కాదు, ఇంటి వాస్తు.

ఒక చిన్న జాగ్రత్త, మధ్యలో గుర్తొచ్చింది కాబట్టి చెబుతున్నాను. గ్యాస్‌కి తాగే మందులు, క్యాల్షియం, ఐరన్ మాత్రలు డోల్యుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. అవి వేసుకోవాల్సి వస్తే, ఏఆర్‌టీ మాత్ర వాటికి రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తర్వాత గాని వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ అయితే భోజనంతో పాటు ఒకేసారి వేసుకున్నా ఫరవాలేదు. మీ అమ్మగారు కోడలికి రక్తం పట్టాలని ఐరన్ మాత్రలు తెస్తుంటే ఈ సంగతి ఉపయోగపడుతుంది. పసరు మందులు, పూర్తిగా నయం చేస్తామనే ప్రకటనల జోలికి మాత్రం పోవద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీరు చేస్తున్నట్టే కాపలా కాయవచ్చు. అప్పుడు ఆమె మీ ఎదుట మింగుతుంది. మింగని రోజున దాచడం నేర్చుకుంటుంది. మీకు చూసిన తృప్తి మిగులుతుంది గాని నిజం తెలియదు. లేదా ఒక్కసారిగా చేతులు దులుపుకోవచ్చు, "నీ ఇష్టం, నీ ఆరోగ్యం" అని. కోపంలో ఉన్న భర్తలు చాలామంది చివరికి ఇక్కడికే వస్తారు. ఇన్నాళ్ల శ్రద్ధ తర్వాత ఆ మౌనం ఆమెకు శిక్షలా తగులుతుంది. మూడోది కొంచెం కష్టం. అలారం ఆమె ఫోన్లోకి వెళ్లాలి, డబ్బా ఆమె చేతిలో ఉండాలి, మీ సాయం ఎంత కావాలో ఆమె చెప్పాలి. "రోజూ అడగొద్దు, ఊరెళ్లేటప్పుడు మాత్రం గుర్తుచెయ్యి" అనవచ్చు. "ఏమీ వద్దు, వైరల్ లోడ్ రోజున తోడు రా" అనవచ్చు. ఈ దారిలో ఒక రాత్రి మాత్ర తప్పే అవకాశం ఉంది, మీకు తెలియకుండానే. అది భరించడం మీకు పరీక్షే. నేనైతే ఈ దారికే మొగ్గుతాను, అయితే మీ ఇంట్లో ఉండేది నేను కాదు.

ఏ దారి పట్టినా ముందు ఒకటి జరగాలి. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు డబ్బా తెరిచి లెక్కపెట్టినందుకు క్షమాపణ అడగండి. "నీ మంచికే" అన్న ముక్క తగిలించకుండా. ఎందుకంత పట్టింపు అంటారేమో. ఆమె మొదటి పెళ్లి గురించి మీరు రాసిన రెండు వాక్యాలు నన్ను వదలడం లేదు. "లివర్ చెడిపోయిందని చెప్పారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు." అతనికి ఏమైందో ఆ ఇంట్లో ఎవరికైనా తెలిసి ఉంటే, ఆ రోజే ఆమెకు పరీక్ష చేయించి ఉంటే, టీబీ దాకా, 140 సీడీ4 దాకా వచ్చేది కాదు. వాళ్లకు తెలుసో లేదో మనం చెప్పలేం. ఆమె మాత్రం ఆ ప్రశ్న వేసుకుని ఉంటుంది, చాలా రాత్రులు. తన ఒంటి గురించి తనకు తెలియకుండా వేరేవాళ్లు తెలుసుకోవడం, దాచడం, నిర్ణయించడం ఆమెకు కొత్త కాదు. మీ ఉద్దేశం వేరే, నాకు తెలుసు. స్నానాల గది తలుపు తీసుకుని బయటికి వచ్చిన మనిషికి కనిపించింది మాత్రం అదే పాత దృశ్యం.

మీ అమ్మగారికి చెప్పాలా అన్న ప్రశ్నకు నా జవాబు కూడా ఇక్కడి నుంచే వస్తుంది. ఆ మాట చెప్పే హక్కు మీది కాదు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణకు 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మనిషి హెచ్‌ఐవీ సంగతి ఆ మనిషి సమ్మతితోనే బయటికి రావాలన్నది దానికి పునాది. చట్టం సంగతి అలా ఉంచినా, ఒకసారి బయటపడ్డ మాటను వెనక్కి తీసుకోలేం. మీ బరువు సగం దిగుతుందన్నారు. ఆ సగం ఎక్కడికి పోతుంది? మీ అమ్మగారి మీదికి, ఆవిడ నుంచి పక్కింటి పిన్నిగారి మీదికి, అక్కడి నుంచి బ్లౌజులు కుట్టించుకునే వాళ్లందరి మీదికి. రెండు వీధుల్లో తెలిస్తే ఆమె మిషన్ ఆగిపోతుంది. మీ కోల్డ్ స్టోరేజీ జీతం మాత్రం అలాగే వస్తుంది. ఈ తేడా ఒకసారి ఆలోచించండి.

అలాగని ఎప్పటికీ చెప్పొద్దనడం లేదు. ఎన్నేళ్లని దాస్తారు? కొన్ని ఇళ్లలో నిజం తెలిశాక అత్తగారే కోడలికి అండగా నిలబడింది. ఇంకొన్ని ఇళ్లలో కంచం వేరు చేశారు. మీ అమ్మగారు ఏ రకమో మీ ఇద్దరికే తెలుసు. మొదట్లో ఈ పెళ్లికి ఒప్పుకోలేదని, తర్వాత టీబీ రోజుల్లో కోడలికి రాగి జావ కాచి పెట్టారని మీరే రాశారు. ఆ రెండింటిలో ఏ మనిషి ముందుకొస్తుందో నేను చెప్పలేను. చెప్పాలని ఆమె అనుకుంటే, ముందు చిన్న ప్రశ్నలతో తడిమి చూడండి. టీవీలో హెచ్‌ఐవీ గురించి ఏదైనా వచ్చినప్పుడు ఆవిడ ఏమంటారో వినండి. ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్‌ను అడిగితే, మీ ఆవిడ సమ్మతితో, ఆమె ఎదుటే మీ అమ్మగారితో మాట్లాడతారు. కొడుకు చెబితే నమ్మని మాట ఆసుపత్రివాళ్లు చెబితే నమ్మే తరం అది. చెప్పకూడదని ఆమె అనుకుంటే, మీ ఇద్దరూ కలిసి ఒకే మాట అనుకోండి. మీరు నరాల బలహీనత అని, ఆమె థైరాయిడ్ అని చెబితే దొరికిపోతారు. ఒకవేళ చెప్పాక ఇంట్లోంచి పొమ్మనే పరిస్థితి వస్తే, ఉన్న ఇంట్లో ఉండే హక్కు కూడా అదే చట్టం ఆమెకు ఇచ్చింది. అంతదాకా రాదనే అనుకుందాం.

సంతానం డాక్టరు విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. మీ అమ్మగారు కోడలిని వెంటబెట్టుకుని వెళితే అక్కడ పాత రిపోర్టులు అడుగుతారు, రక్త పరీక్షలు రాస్తారు. ఆమె ఇరుక్కుపోతుంది. "డాక్టరు దగ్గరికి మేమిద్దరం వెళతాం" అని ఆ మాట మీరే అనాలి. పాలు పోసేందుకు మాత్రం అత్తాకోడళ్లు హాయిగా వెళ్లి రావచ్చు.

ఇక ఆ రిపోర్టును నమ్మొచ్చా అన్నారు. నమ్మొచ్చు. ఈ ప్రశ్న ప్రపంచంలో చాలామంది మీకంటే ముందే అడిగారు కాబట్టి పెద్ద పరిశోధనలే జరిగాయి. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, ఒకరికి లేని జంటల మీద చేసిన హెచ్‌పీటీఎన్ 052 అనే పరిశోధన ఫలితాలు 2011లో వచ్చాయి. 1,763 జంటల్లో మన పుణె, చెన్నై జంటలు కూడా ఉన్నారు. త్వరగా మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని తేలింది. తర్వాత యూరప్‌లో పార్ట్‌నర్ అనే పరిశోధనలో 888 జంటలను గమనించారు. పాజిటివ్ భాగస్వామి వైరల్ లోడ్ 200 లోపు ఉన్నవాళ్లు, కండోమ్ లేకుండా కలిసేవాళ్లు. మొత్తం 58 వేలసార్లు కలిశారని లెక్క తేలింది. భాగస్వామి నుంచి హెచ్‌ఐవీ సోకినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ కాలంలో 11 మందికి హెచ్‌ఐవీ వచ్చిన మాట నిజమే, వైరస్‌ను పోల్చి చూస్తే అది వాళ్ల భాగస్వామిది కాదు, బయటి నుంచి వచ్చింది. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనపడని స్థాయిలో ఉంటే లైంగికంగా సోకే ప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది.

దీనికి షరతు మీకు తెలిసిందే, మందులు ఆగకూడదు. కాబట్టి కొత్త వైరల్ లోడ్ వచ్చేదాకా కండోమ్ వాడండి, అవి హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రంలోనే ఉచితంగా ఇస్తారు. వచ్చాక కూడా మనసు కుదుటపడకపోతే వాడుతూనే ఉండొచ్చు. మన సెంటర్లలో సాధారణంగా కండోమ్ మానొద్దనే చెబుతారు. నెగెటివ్‌గా ఉన్నవాళ్లు ముందుజాగ్రత్తగా వేసుకునే ప్రెప్ మాత్రలు కూడా ఉన్నాయి, మీ పరిస్థితిలో అవసరమా అన్నది డాక్టరు చెప్పాలి.

అసలు నేను అడగాలనుకున్నది వేరే. ఒకే మంచం మీద పడుకోవడానికి, తల నిమరడానికి, చేయి పట్టుకోవడానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు కదా. 22 నెలల కింద సీడీ4 140 ఉన్నప్పుడు కూడా అక్కర్లేదు. ముట్టుకుంటే రాదని మీకు తెలుసు, మీ ఉత్తరంలో మీరే రాశారు. తెలిసీ ముట్టుకోలేకపోయారు. భయానికి లాజిక్ ఉండదు, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. అయితే "ముందు నీ ఆరోగ్యం బాగుపడనీ" అన్న మాటను ఆమె ఎలా విని ఉంటుంది? ఆరోగ్యం బాగుపడింది, రిపోర్టులు చెబుతున్నాయి, మీరు మాత్రం దగ్గరికి రాలేదు. అంటే అసలు కారణం ఆరోగ్యం కాదని ఆమెకు ఎప్పుడో అర్థమై ఉంటుంది. సూది గుచ్చుకున్న రోజున మీ మొహం ఆమె చూసిందని రాశారు. ఆమె వేలికి ఆమె సూది గుచ్చుకుంటే మీకు వచ్చే ప్రమాదం ఏమీ లేదు. సబ్బుతో కడిగి ప్లాస్టర్ వేస్తే సరిపోయేది. సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే అంగుస్తాను ఒకటి కొనిచ్చి ఉంటే ఆమె నవ్వి ఉండేది.

రెండు నెలలకోసారి మీరు చేయించుకునే పరీక్ష కూడా ఇలాంటిదే. 22 నెలలుగా కలవకుండా, ప్రతిసారీ నెగెటివ్ వస్తుంటే, ఇంకోసారి చేయిస్తే కొత్తగా తెలిసేదేముంది? అది పరీక్ష కాదు, మొక్కుబడి. దాని గురించి ఆమెతో చెప్పండి. "నాకు భయం వేస్తోంది" అనే మాట ఈ రెండేళ్లలో మీరు ఒక్కసారైనా ఆమెతో అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. మాత్రల గురించి అన్నారు, టైమ్ గురించి అన్నారు. భయం గురించి అనలేదు. ఆమె కోపం చల్లారక ముందే అన్నీ ఒకేసారి ఒలకబోయమనడం లేదు. మీరు చెప్పిన వెంటనే ఆమె దగ్గరికి వస్తుందనీ అనుకోవద్దు. ఇన్నాళ్లు దూరం పెట్టారు కాబట్టి ఇప్పుడు ఆమెకు కొంత కాలం పట్టవచ్చు, అసలు ఇష్టం లేకనూ పోవచ్చు. అది కూడా ఆమె నిర్ణయమే.

పిల్లల గురించి మీరు అడగలేదు, మీ అమ్మగారు అడిగారని మాత్రం రాశారు. మీకు ఇష్టమేనా అన్నది తెలియదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. వైరల్ లోడ్ కనపడని స్థాయిలో నిలబడ్డాక, ఏఆర్‌టీ డాక్టరుతో మాట్లాడి మామూలుగానే పిల్లల కోసం ప్రయత్నించవచ్చు. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వచ్చే ప్రమాదం 15 నుంచి 45 శాతం. మందులతో అది 5 శాతం లోపుకు దిగుతుంది, వైరస్ అదుపులో ఉంటే ఇంకా బాగా తగ్గుతుంది. డోల్యుటెగ్రావిర్‌తో పుట్టే పిల్లలకు లోపాలు వస్తాయేమోనని 2018లో ఒక అనుమానం వచ్చింది, తర్వాత మరిన్ని కాన్పులు గమనించాక అది నిలబడలేదు. పుట్టిన బిడ్డకు కొన్ని వారాలు మందు పోస్తారు. ఆరు వారాలకు మొదటి పరీక్ష, పద్దెనిమిది నెలలకు చివరి పరీక్ష. ఆ పద్దెనిమిది నెలలూ టెన్షనే. మీ ఇద్దరి మధ్య మాటలే లేని ఈ వారంలో ఇది ఎత్తుకోవద్దు.

ఇంకొకటి మీ గురించి. ఆమెకు కనీసం నెలకో మూడు నెలలకో ఒకసారి సెంటర్లో కౌన్సెలర్‌తో మాట్లాడే వీలుంది. మీకు ఎవరున్నారు? స్నేహితులకు చెప్పలేరు, అమ్మకు చెప్పకూడదు, ఆమెకు చెబితే బాధపడుతుందని మింగేశారు. పదకొండు పేజీలు రాశారంటేనే తెలుస్తోంది. 1097 అనే ఉచిత నంబరు హెచ్‌ఐవీ గురించి మాట్లాడేందుకే ఉంది. పాజిటివ్ వ్యక్తుల సంఘాల్లో మీలాంటి జీవిత భాగస్వాములు కూడా కలుస్తుంటారు. కౌన్సెలర్‌ను అడిగితే మీ జిల్లాలో ఎక్కడో చెబుతారు. అక్కడికి వెళితే ఇంకో ఊరి మొగుడు కూడా మాత్రలు లెక్కపెడుతున్నాడని తెలుస్తుంది. అంతకంటే ఊరట ఇంకేముంటుంది!

వచ్చే అపాయింట్‌మెంట్ రోజున "నేను రానా?" అని అడగండి. వద్దంటే డ్యూటీకి వెళ్లండి, వీడియో కాల్ చేయకండి. రమ్మంటే పక్కన కూర్చోండి. లోపల కౌన్సెలర్ "మాత్రలు ఎన్ని మిగిలాయమ్మా?" అని ఆమెను అడుగుతారు. మీరు నోరు తెరవకండి.

గ్లౌజుల పెట్టె ఇంకా బీరువా మీదే ఉందని రాశారు. తీసేయండి. పారేయడానికి మనసొప్పకపోతే మీ అమ్మగారికిచ్చేయండి, పచ్చడికి పండుమిరపకాయలు తొక్కేటప్పుడు పనికొస్తాయి.